శిఖరానికి నాలుగడుగుల ఇవతల

గత సంచికలో సిక్కిం రాజధాని గాంగ్‌టక్‌లో మేము గడిపిన అయిదేళ్ల గురించి రాస్తూ, మా వంటింటి కిటికీలోంచి కాంచన్‌జంగా కనిపించేదని ఒక్క వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ వాక్యం పట్టుకుని అడిగినవే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ కొండకే ఇచ్చేస్తున్నాను. నేను పర్వతారోహకురాలిని కాను. భూగోళం పాఠం చెప్పుకున్న టీచర్ని. 2013 నుంచి 2018 దాకా, మబ్బు లేని ప్రతి ఉదయం ఆ కొండను చూశాను. రెండుసార్లు దాని దగ్గరికి నడిచి వెళ్ళాను. ఆ అనుభవంతోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, మేము చదివిన పుస్తకాల్లో ‘కాంచనగంగ’ అని ఉంది. ఇప్పుడు అందరూ ‘కాంచన్‌జంగా’ అంటున్నారు. ఏది సరైనది? అక్కడ గంగ పుడుతుందా?
– డీఎస్సీకి చదువుతున్న ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఆ పేరులో కాంచనమూ లేదు, గంగా లేదమ్మా. పొద్దున్నే మొదటి ఎండ పడినప్పుడు కొండ నిజంగానే కరిగిన బంగారంలా ఉంటుంది కాబట్టి మనవాళ్ళకు ‘కాంచన’ అనే మాట చక్కగా అతికింది. కానీ అసలు పేరు టిబెటన్ భాషది. కాంగ్ అంటే మంచు, చెన్ అంటే పెద్ద, జో అంటే నిధి, చివర ఉన్నది అయిదు. ఆ అయిదు అనే మాట ‘ఙ’తో మొదలవుతుంది. మన వర్ణమాలలో ఉండి, మనం ఎప్పుడూ విడిగా పలకని అక్షరం అది. దాన్ని మా పక్కింటి భూటియా జాతి పెద్దావిడ రోజుకు పదిసార్లు పలికేది. నాకు సరిగ్గా పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది.

అంటే ‘గొప్ప మంచు దాచుకున్న అయిదు నిధులు’ అని అర్థం. అయిదు ఎందుకంటే అది ఒక్క శిఖరం కాదు. ఒకే గట్టు మీద అయిదు శిఖరాలున్నాయి. ప్రధాన శిఖరం 8,586 మీటర్లు. పడమటి శిఖరం (దాన్నే యాలుంగ్ కాంగ్ అంటారు), మధ్య శిఖరం, దక్షిణ శిఖరం కూడా 8,400 మీటర్లు దాటినవే. ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన పర్వతాలు 14 అని లెక్క చెబుతాం కదా, అందులో కాంచన్‌జంగాను ఒకటిగానే లెక్కపెడతారు. ఇక్కడి తోబుట్టువులను విడివిడిగా లెక్కేస్తే ఆ సంఖ్యే మారిపోతుంది. అయిదోది కాంగ్‌బచెన్. అది 7,900 మీటర్ల పైచిలుకు.

ఇక గంగ సంగతి. గంగోత్రి ఎక్కడో ఉత్తరాఖండ్‌లో ఉంది. కానీ మీ ప్రశ్న పూర్తిగా తప్పు కాదు. ఈ కొండ సిక్కిం వైపు కరిగిన నీరు తీస్తా నదిలో కలిసి, బంగ్లాదేశ్‌లో బ్రహ్మపుత్రను చేరుతుంది. నేపాల్ వైపు కరిగిన నీరు తమోర్ నదిగా దిగి, కోసీలో కలిసి, చివరికి గంగలోనే పడుతుంది. ఒకే గట్టుకు అటూ ఇటూ కురిసిన మంచు రెండు మహానదులకు పంపకం అవుతుంది. పరీక్షలో ఇది అడగకపోయినా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి క్విజ్ పుస్తకంలో భారతదేశంలో ఎత్తైన శిఖరం కే2 అని ఉంది. స్కూల్లో కాంచన్‌జంగా అన్నారు. ఇంటర్నెట్‌లో నందాదేవి అని చూశాడు. ఏది రాయాలి?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మూడూ ఎక్కడో ఒకచోట సరైనవే. కే2 ఎత్తు 8,611 మీటర్లు. మన దేశ పటంలో ఉంటుంది కానీ ఆ ప్రాంతం పాకిస్తాన్ ఆక్రమణలో ఉంది. మన ఆధీనంలో ఉన్న నేల మీద ఎత్తైనది కాంచన్‌జంగా, కే2 కంటే 25 మీటర్లే తక్కువ. అయితే దాని శిఖరం నేపాల్ సరిహద్దు మీద ఉంది. పూర్తిగా మన దేశం లోపలే ఉన్నవాటిలో ఎత్తైనది నందాదేవి, 7,816 మీటర్లు. 1975లో సిక్కిం మన దేశంలో కలిసేదాకా మొదటి స్థానం నందాదేవిదే. బాబును ముందు ప్రశ్న పూర్తిగా చదవమనండి. ‘పూర్తిగా దేశం లోపల’ అని ఉందో లేదో చూసుకుంటే జవాబు తేలిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పండి. 19వ శతాబ్దం మధ్య దాకా ప్రపంచం మొత్తంలో ఎత్తైనది కాంచన్‌జంగానే అనుకున్నారు. సర్వే వాళ్ళు దూరం నుంచి కోణాలు కొలిచి, లెక్కలు కట్టాక గానీ ‘పదిహేనో శిఖరం’ అని రాసుకున్న ఎవరెస్ట్ ముందుకు రాలేదు. ఆ లెక్కల్లో బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దర్ పాత్ర పెద్దది.

ప్రశ్న: కాంచన్‌జంగా ఎక్కినవాళ్ళు కొసదాకా వెళ్ళకుండా కొన్ని అడుగుల కింద ఆగిపోతారని విన్నాను. సిక్కిం వైపు నుంచి ఎక్కడమే నిషేధమట. ఇంత కష్టపడి వెళ్ళి ఆగిపోవడం మూఢనమ్మకం కాదా మేడమ్?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బాబూ, నువ్వు విన్నది నిజమే. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ అనే ఇద్దరు బ్రిటిష్ ఆరోహకులు నేపాల్ వైపు నుంచి మొదటిసారి పైకి చేరారు. మర్నాడు నార్మన్ హార్డీ, టోనీ స్ట్రీథర్ చేరారు. శిఖరాన్ని తొక్కబోమని సిక్కిం పాలకులకు ముందే మాట ఇచ్చారు. నలుగురూ ఆ మాట నిలబెట్టుకుని, కొసకు కొద్ది అడుగుల కింద ఆగి, వెనక్కి దిగారు. పైన అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు. అబద్ధం చెప్పినా పట్టుకునేవాళ్ళూ లేరు. అయినా ఆగారు. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళలో చాలామంది అదే పాటించారు. 1977లో కర్నల్ నరేంద్ర కుమార్ నాయకత్వంలో మన సైన్యం బృందం సిక్కిం వైపు నుంచి, జెము హిమానీనదం మీదుగా చాలా కష్టమైన ఈశాన్య గట్టు పట్టుకుని ఎక్కింది. 2001లో సిక్కిం ప్రభుత్వం కాంచన్‌జంగాతో పాటు మరికొన్ని శిఖరాలను పవిత్ర స్థలాలుగా ప్రకటించి, వాటిని ఎక్కడం ఆపేసింది. ఇప్పుడు ఎక్కాలనుకునేవాళ్ళు నేపాల్ వైపు నుంచే వెళ్తారు.

దీన్ని మూఢనమ్మకం అంటే నేను ఒప్పుకోను. గాంగ్‌టక్ వెళ్ళిన మొదటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో పాంగ్ ల్హాబ్‌సోల్ అనే పండుగ వచ్చింది. మా పక్కింటి పెద్దావిడ నన్ను తీసుకెళ్ళింది. మఠం ముంగిట్లో లామాలు యోధుల నాట్యం చేస్తారు. అందులో కాంచన్‌జంగా వేషం కట్టినాయన ఎర్రటి ముఖంతో, అయిదు పుర్రెల కిరీటంతో వస్తాడు. నేను అప్పటిదాకా కొండను దేవుడు అంటే శాంతంగా కూర్చున్న మూర్తి అనుకున్నాను. ఆ వేషం చూస్తే కాపలా కాసే మన గ్రామదేవత పోతురాజే గుర్తొచ్చాడు. ఆ పండుగలో ఇంకో సంగతి ఉంది. లెప్చాలు, భూటియాలు అనే రెండు జాతులు పూర్వం ఒకరికొకరు రక్తసంబంధీకులుగా ఉంటామని ప్రమాణం చేసుకున్నప్పుడు, ఈ కొండనే సాక్షిగా పెట్టుకున్నారట. అంటే వాళ్ళకది మాట తప్పకుండా చూసే సాక్షి. లెప్చాలైతే తమ మొదటి స్త్రీపురుషులను సృష్టించింది ఈ కొండ మంచుతోనే అని చెప్పుకుంటారు. ఇప్పుడు చెప్పు, పుట్టించిన తల్లినీ, సాక్షినీ ఎవరైనా తొక్కుతారా?

మనవాళ్ళు ఏటా వేలమంది అరుణాచలం వెళ్ళి గిరిప్రదక్షిణ చేస్తారు. 14 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా కొండ చుట్టూ నడిచొచ్చి, ‘దర్శనం అయింది’ అంటారు. కొండెక్కలేదేం అని వాళ్ళను మనం అడగం. కైలాస పర్వతం ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు, దాని చుట్టూ తిరిగినవాళ్ళు మాత్రం లెక్కలేనంత మంది. చుట్టూ తిరగడం, ఎదురుగా నిలబడి చూడటం కూడా కొండ దగ్గరికి వెళ్ళడమే.

ఇంకొకటి గమనించు. ఇలా వదిలేసిన కొండ కింద అడవి మిగిలింది. కాంచన్‌జంగా జాతీయ పార్కును 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రకృతి, సంస్కృతి రెండు కారణాలతో ఆ గుర్తింపు పొందిన మొదటి భారతీయ స్థలం అదే. మంచు చిరుత, ఎర్ర పాండా తిరిగే నేల అది.

ప్రశ్న: అక్కా, మేం నలుగురు స్నేహితులం అక్టోబరు రెండో వారంలో కాంచన్‌జంగా దగ్గరి గోయ్‌చా లా కనుమ ట్రెక్‌కి బుక్ చేసుకున్నాం. నేను రోజూ ఆర్కే బీచ్‌లో ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తుతాను, ఫిట్‌గానే ఉన్నాను. అయినా ఎత్తు గురించి ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: తల్లీ, నీ ఉత్తరానికి పెద్ద జవాబు రాస్తాను. ఓపికగా చదువు, మిగతా ముగ్గురికీ చదివి వినిపించు.

మొదట ఎత్తు ఎంతో మనసుకు పట్టించుకో. ట్రెక్ మొదలయ్యే యుక్‌సోమ్ ఊరే 1,780 మీటర్ల మీద ఉంది. ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ అంత ఎత్తున్న కొండే లేదు. మన అరకు దాటి ఉన్న అర్మకొండ కూడా దానికంటే తక్కువే. అంటే మన ఎత్తులు ముగిసినచోట అక్కడ మొదటి అడుగు పడుతుంది. యుక్‌సోమ్ నుంచి సాచెన్, అక్కడి నుంచి సుమారు 2,950 మీటర్ల త్షోకా, ఆ తర్వాత ఒక్క రోజులో 4,000 మీటర్లు దాటి జోంగ్రీ. ఒక్క రోజులో వెయ్యి మీటర్ల పైన. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదని కొండల వైద్యులు చెబుతారు. జోంగ్రీ దారిలో మధ్యలో సరైన మజిలీ లేదు కాబట్టి, అక్కడ ఒక రోజు పూర్తిగా ఆగితేనే ఒళ్ళు సర్దుకుంటుంది.

2015 అక్టోబరులో నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మా ప్రయాణ కాగితంలో కూడా ఆ ఆగే రోజు రాసి ఉంది. తీరా యుక్‌సోమ్‌లో ఏజెంట్ ‘అందరూ గట్టిగా ఉన్నారు, ఒక రోజు కలిసొస్తుంది, జోంగ్రీలో ఆగకుండా నేరుగా తర్వాతి మజిలీ థాన్‌సింగ్ వెళ్ళిపోండి’ అన్నాడు. మేం ఆరుగురం టీచర్లం, సెలవులు తక్కువ. సరే అన్నాం. నేను గాంగ్‌టక్‌లో ఉంటున్నాను కదా, నాకేమవుతుందనే ధీమా ఒకటి. గాంగ్‌టక్ ఎత్తు యుక్‌సోమ్ అంత కూడా లేదని తెలిసీ ఆలోచించలేదు.

త్షోకా దాటాక జోంగ్రీ దారిలో వచ్చే ఫెదాంగ్ దగ్గర తలనొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పకుండా పారాసెటమాల్ వేసుకున్నాను. జోంగ్రీ చేరేసరికి కడుపులో తిప్పుతోంది. రాత్రి కిచిడీ వడ్డిస్తే, పళ్ళెం పట్టుకుని గుడారం వెనక్కి వెళ్ళి పారబోసి వచ్చాను. నా వల్ల అందరూ ఆగిపోతారని భయం. రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారుజామున అందరూ సూర్యోదయం చూడటానికి గుట్ట ఎక్కుతుంటే నేనూ లేచాను. మా గైడ్ పాతికేళ్లు కూడా లేని కుర్రాడు, లింబూ జాతివాడు. రాత్రి నా పళ్ళెం త్వరగా ఖాళీ అవడం గమనించాడట. టార్చి వెలుగు నేల మీద గీతలా వేసి, ‘దీదీ, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ళకు తగిలేలా పది అడుగులు నడవండి’ అన్నాడు. నాలుగో అడుగుకే పక్కకు తూలిపోయాను.

ఆ పిల్లాడు ఇంకేం మాట్లాడలేదు. నా సంచి తన భుజాన వేసుకున్నాడు. మిగతావాళ్ళను రెండో గైడ్‌కి అప్పగించి, నన్ను కిందికి నడిపించాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను కూడా. ‘కొండ ఇక్కడే ఉంటుంది దీదీ’ అన్నాడు. ఫెదాంగ్ దాటేసరికి తలనొప్పి పలచబడింది. మధ్యాహ్నం త్షోకాలో అన్నం, పప్పు పెడితే మొత్తం తిన్నాను. ఎదురుగా పాండిమ్ శిఖరం తెల్లగా నిలబడి ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది. ఎత్తులో తలనొప్పి, ఆకలి లేకపోవడం, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలు హెచ్చరికలు. వాటితో ఇంకా పైకి వెళ్ళకూడదు. కాళ్ళు తూలడం, మాట తడబడటం, మగతగా ఉండటం అంటే మెదడులో వాపు మొదలైందని. కూర్చున్నా ఆయాసం, దగ్గితే నురగ పడుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే కిందికి దిగాలి. కొన్ని గంటల ఆలస్యం ప్రాణం తీస్తుంది. నీ పరుగుకూ దీనికీ సంబంధం లేదు తల్లీ. 4,000 మీటర్ల దగ్గర గాలిలో మనకందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో 60 శాతం చుట్టూ ఉంటుంది. దానికి ఎవరి ఒళ్ళు ఎలా తట్టుకుంటుందో ముందుగా చెప్పలేం. బాగా పరిగెత్తేవాళ్ళు తొందరగా నడిచి, తొందరగా పైకి చేరి, ఎక్కువ ఇబ్బంది పడటం కూడా ఉంది. ఎత్తును తట్టుకోవడానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి మీ డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పు. స్నేహితురాలి సలహా మీద మాత్రం వేసుకోవద్దు. నలుగురూ రోజూ రాత్రి ఒకరినొకరు ‘తిన్నావా, తల నొప్పిగా ఉందా’ అని అడగాలని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. నాలా దాచొద్దు.

రెండోది వాతావరణం. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుందనే మాట నిజమే. కానీ నువ్వు విశాఖ పిల్లవి, అక్టోబరు రెండో వారం అంటే ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ ఊరి మీద పడింది. మా చెల్లెలు అప్పుడు మధురవాడలో ఉండేది. నేను గాంగ్‌టక్‌లో కూర్చుని రోజుల తరబడి ఫోన్ కలపడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను. అదే తుపాను ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత నేపాల్ అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానుగా కురిసింది. థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. మన తీరంలో చెట్లు కూల్చిన తుపాను తేమే అక్కడ మంచై మనుషుల్ని కప్పేసింది. కాంచన్‌జంగా మన బంగాళాఖాతానికి ఇంకా దగ్గర. సముద్రం నుంచి వచ్చే తేమకు మధ్యలో అడ్డం పెద్దగా లేదు, అందుకే ఆ కొండ మీద అంత మంచు, అన్ని హిమపాతాలు. కాబట్టి బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే యుక్‌సోమ్‌లోనే ఆగండి. తిరుగు టికెట్‌కి రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. నన్నడిగితే నవంబరు మొదటి వారానికి మార్చుకోండి. చలి ఎక్కువే, కానీ అక్కడ వాన, మంచు కురవడం కాస్త తగ్గుతుంది.

నేను రెండోసారి 2017 నవంబరులో వెళ్ళాను. జోంగ్రీలో రెండు రాత్రులు ఆగాం. అప్పుడు గానీ అర్థం కాలేదు, ఆ ఖాళీ రోజే అన్నిటికన్నా మంచి రోజని. పొద్దున గుట్ట ఎక్కి నిలబడితే కాబ్రూ, రాథోంగ్, కోక్‌తాంగ్, పాండిమ్ శిఖరాలు చుట్టూ నిలబడి ఉంటాయి. బరువులు మోసే జోలు, అంటే జడలబర్రెకూ ఆవుకూ పుట్టినవి, మెడ గంటలతో కింద మేస్తుంటాయి. సమితీ సరస్సు దాటి మొదటి వ్యూపాయింట్ దగ్గర తెల్లవారుతుంటే కాంచన్‌జంగా కొస మీద ముందు ఒక గులాబీ చుక్క పడింది. ఆ చుక్క కిందికి జారడానికి పట్టిన పది నిమిషాల్లో మాలో ఎవరూ ఫోన్ తియ్యలేదు.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు, మోకాళ్ళ నొప్పులు. చనిపోయేలోగా ఒక్కసారి హిమాలయం చూడాలంటారు. నడవకుండా కాంచన్‌జంగా చూసే దారి ఉందా?
– ఒక కుమారుడు, నంద్యాల

జవాబు: తప్పకుండా ఉంది, తీసుకెళ్ళండి. మన వైపు నుంచి గౌహతి దిక్కుగా వెళ్ళే రైళ్లు న్యూ జల్పాయిగుడిలో ఆగుతాయి. అక్కడి నుంచి జీపు. డార్జిలింగ్ టైగర్ హిల్ అందరికీ తెలిసిందే, కానీ తెల్లవారుజామున జనం తోపులాటలో అమ్మగారికి ఇబ్బంది. నేనైతే సిక్కింలోని పెల్లింగ్‌లో మూడు రాత్రులు ఉండమంటాను. కొండ వైపు కిటికీ ఉన్న గది అడిగి తీసుకోండి. దుప్పటి కప్పుకుని మంచం మీద నుంచే చూడొచ్చు. మూడు రాత్రులు ఎందుకంటే, ఒక్క పొద్దు మబ్బు కమ్మితే యాత్ర వృథా కాకూడదు. నవంబరు మంచిది. వర్షాకాలంలో వెళ్ళొద్దు, కొండ కనపడదు, రోడ్లు కూలుతుంటాయి. 2023 అక్టోబరులో ఉత్తర సిక్కిం సౌత్ ల్హోనాక్ సరస్సు గట్టు తెగి తీస్తాకు వచ్చిన వరద తర్వాత ఆ నది పక్క రోడ్డు చాలాసార్లు దెబ్బతింది కాబట్టి, బయల్దేరే రోజు సిలిగుడిలో దారి సంగతి కనుక్కోండి.

పెల్లింగ్‌లో ఎడమ నుంచి చూపించండి: కోక్‌తాంగ్, రాథోంగ్, వెడల్పుగా కాబ్రూ, దాని వెనక కాంచన్‌జంగా. కుడి పక్క నిటారుగా ఉన్నది పాండిమ్, 6,691 మీటర్లు. దగ్గరగా ఉండటంతో పెద్ద కొండలాగే అనిపిస్తుంది. డార్జిలింగ్ వైపున్న సందక్‌ఫూ కొండ మీది నుంచైతే ఈ శిఖరాలన్నీ కలిసి పడుకున్న బుద్ధుడిలా కనిపిస్తాయి, కుంభకర్ణ శిఖరం తల, కాంచన్‌జంగా పొట్ట, పాండిమ్ పాదాలు. మానేభంజాంగ్ ఊరి నుంచి అక్కడిదాకా జీపులు వెళ్తాయి కానీ అది 3,636 మీటర్లు, దారి కుదుపులు ఎక్కువ. అమ్మగారి వయసుకు వద్దు. పొద్దున అయిదింటికే లేపండి. తొమ్మిదయ్యేసరికి మబ్బు వచ్చేస్తుంది.

ప్రశ్న: మా మనవరాలు నాలుగో తరగతి. మీ వ్యాసం చదివి వినిపించి, ఆ కొండ పేరుకు ‘అయిదు నిధులు’ అని అర్థమట అంటే, ‘ఆ కొండ మీద నిధులు నిజంగా ఉన్నాయా, ఏం నిధులు?’ అని టీచర్‌ని అడగమంది.
– ఒక తాతగారు, టెక్కలి

జవాబు: ఇది పాపకే రాస్తున్నాను, చదివి వినిపించండి.

చిట్టితల్లీ, అక్కడివాళ్ళు చెప్పే అయిదు నిధులు ఇవి: ఉప్పు, బంగారమూ మణులూ, పవిత్ర గ్రంథాలు, ఆయుధాలు, ధాన్యమూ మందులూ. కష్టకాలం వచ్చినప్పుడు మంచివాళ్ళ కోసం కొండ వాటిని బయటికి తీస్తుందని నమ్ముతారు. బంగారం కంటే ముందు ఉప్పు ఎందుకని నేను మా పక్కింటి అవ్వను అడిగాను. వాళ్ళ చిన్నప్పుడు ఉప్పు టిబెట్ నుంచి జడలబర్రెల మీద, మంచు కనుమలు దాటుకుంటూ వచ్చేదట. ఒక మూట రావడానికి ఎన్నో రోజులు పట్టేదట. మీ టెక్కలి దగ్గర నౌపడలో సముద్రపు నీళ్ళు మళ్ళలో ఎండబెట్టి, ఉప్పు తెల్లటి కుప్పలుగా పోస్తారు కదా, ఆ ఫొటో ఒకసారి ఆవిడకు చూపించాను. చాలాసేపు చూసి, ‘ఇవి ఏ కొండలు?’ అని అడిగింది.